కొండ భుజం

మా ఇంటాయన గురప్ప గోపురాలు కట్టే మేస్త్రీ. నేను సున్నం కలిపేదాన్ని. మాకొక పద్ధతి ఉండాది. పని మొదలుపెట్టే ముందు కొండకు ఎదురుగా కూర్చోవాల. ఒళ్ళు జలదరించి భయం పుట్టేదాకా లేయకూడదు. "భయం తెలీని చేత్తో గోపురం కట్టొద్దు" అంటాడు మా ఆయప్ప. గోపురాన్ని ఎనకాలుండే కొండ రూపులోనే లేపాల; మనసులో ఉండే కొండను కట్టకూడదు, కంటికి కనబడేదే కట్టాల. గుడి వాకిట్లో నిలబడి సూస్తే గోపురం అంచూ కొండ అంచూ ఒకే గీతలో కలవాల.

పుంగనూరు పక్కన మా ఊరి గంగమ్మ గుడికి గోపురం సగం లేపినాడో లేదో, పైనుంచి పడి నడుం పోగొట్టుకున్నాడు. అప్పటినుంచి ఏండ్ల తరబడి మదనపల్లిలో మా కూతురు హేమలత ఇంట్లో మంచానే ఉండాడు, నేనూ ఆడనే. "నేను పొయ్యేలోపల ఆ గోపురం కొండతో కలిసేది సూడాల" అని నా పానం తోడేసినాడు. కడాకు మా కొడుకు సురేంద్ర కుప్పంలో రాళ్ళు పాలిష్ పట్టే పని వదిలేసి వచ్చి తాపీ పట్టినాడు.

పని అయిపొయ్యిందని ఫోనొస్తే ఆయప్పను కారులో పండబెట్టి తీసుకొనిపోయినాం. వాకిట్లో కుర్చీ ఏసి కూర్చోబెట్టినాం. తలెత్తి సూసినాడు.

గోపురానికి కుడి భుజమే లేదు! కత్తితో కోసిన రాగిసంగటి ముద్ద మాదిరి ఉండాది. వెనకాల కొండా అట్లే ఉండాది. క్వారీ పడిందని ఇన్నామే గానీ, కొండను అంత మేర తినేసినారని మాకేం తెలుసు?

"పగలగొట్రా దాన్ని!" అని అరిచినాడు ఆయప్ప.

"కంటికి కనబడేదే కట్టమన్నది నువ్వే కదా నాయనా." అన్నాడు సురేంద్ర. "పొద్దుగూకులూ కొండకు ఎదురుగా కూసున్నా. భయం పుట్టలేదు, ఏడుపొచ్చింది. సరే, పగలగొడతా. పాత కొండ ఎట్లుండెనో సెప్పు, అట్లే కడతా."

ఆయప్ప చెయ్యి లేపి గాల్లో కొండ గీస్తా పొయ్యినాడు. ఎడం పక్క వాలు, నడిమిన పెద్ద గుండురాయి, దానిమీద ఇంకో గుండు. ఆడ చెయ్యి నిలిచిపొయ్యింది. మళ్ళీ మొదట్నుంచి గీసినాడు. మళ్ళీ ఆడనే ఆగింది. పుట్టినప్పటినుంచి సూసిన కొండ గదప్పా అది!

"యశోదా, కుడి పక్కన ఎట్ల దిగుతాండెనే?" అన్నాడు.

నాకూ గుర్తు రాలేదు. ఆ సిగ్గు ఎవురికి సెప్పుకోను?

ఆయప్ప లేపిన చెయ్యి దించినాడు. "భయమయితాందే" అన్నాడు. ఇన్నేండ్లూ ఆ మాట కొండను సూసి అనేటోడు. ఈ పొద్దు కొండ లేని చోటును సూసి అన్నాడు.

కొడుకును దగ్గరికి పిలిచి చెయ్యి పట్టుకున్నాడు. "సరిగ్గానే కట్టినావురా. ఒక్క ఇటుక తియ్యొద్దు. ఆ కోసిన చోట సున్నం ఏంటికి పూయలేదు?"

"మనసు రాలేదు నాయనా."

"పుయ్యాల. తెల్లగా ఉండాల. దోవన పొయ్యేటోళ్ళందరికీ కనబడాల."

నావైపు తిరిగి "సున్నం కలుపు పో" అన్నాడు. కొంగు నడుముకు దోపుకొని, ఏడుస్తానే కలిపినాను.