కుంకుడు రసానికి దిగని పచ్చ

పిట్టకు తలంటు పోసిన మనిషిని ఎక్కడైనా చూశారా? కనకలక్ష్మి పోసింది.

మనవరాలు రసజ్ఞకు నాలుగేళ్లు నిండినా మాట రాలేదు. వస్తే జంట పిట్టల్ని వదులుతానని ఆవిడ మొక్కుకుంది. మొన్న ఆ పిల్ల "నానమ్మా" అంది. ఆ ఆనందంలో రోడ్డు పక్క అమ్మేవాడి దగ్గర పిచ్చుక కన్నా చిన్నవైన రెండు జీనువాయి పిట్టలు కొనేసింది. ఒకటి ఎర్రది, ఒళ్లంతా తెల్లచుక్కలు. రెండోది ఆకుపచ్చది. రంగేసి అంటగట్టాడు వెధవ, రంగుతో వదిలితే మొక్కు చెల్లదనుకుంది. కుంకుడు రసంతో మెల్లగా తుడిచింది.

రంగు దిగలేదు. తడి ఆరేకొద్దీ పచ్చ ఇంకా తేటపడింది. పొట్ట లేత పసుపు, పక్కల నలుపు తెలుపు చారలు. ముక్కు మాత్రం రెండింటికీ ఒకటే, పండుమిరప ఎరుపు. ఒకే ఇంటి ఆడపిల్లల్లో ఒకరికి చుక్కల చీర, ఒకరికి చారల చీర కట్టినట్టుంది. అది పుట్టు రంగేనని కనకలక్ష్మికి అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే పిల్లతో ప్రగతి నగర్ చెరువుకు వెళ్లింది. ఎర్రదాన్ని వదలగానే జమ్ము గడ్డిలో ఉన్న తన జాతి గుంపులో కలిసిపోయింది. పచ్చదాని పంజరం తలుపు మీద చెయ్యి వేసేసరికి, చేపలు పట్టే లింగమూర్తి అడ్డం వచ్చాడు.

"జర ఆగమ్మా. ఎర్రది గీ జమ్ములనే పుట్టింది. పచ్చదాన్ని అరవై ఏండ్లల్ల నేను జూడలే. ఇడిస్తె ఎవలల్ల కలుస్తది?"

"జంటని మొక్కుకున్నానయ్యా! సగంలో ఆపితే పిల్ల మాట ఆగిపోదూ?"

అంతలో పచ్చ పిట్ట పాడింది. సన్నగా మొదలై, గొంతు వణికించి ఆపింది. జమ్ములోంచి జవాబు రాలేదు. మళ్లీ పాడి, తల వంచి విన్నది. ఎవరూ పలకలేదు. కనకలక్ష్మి తలుపు మీంచి చెయ్యి తీసింది.

రసజ్ఞ పంజరానికి మూతి ఆనించి, అచ్చం అలాగే కూసింది.

పిట్ట పంజరంలోనే ఎగిరొచ్చి పిల్ల ముందు వాలింది.

కనకలక్ష్మి తలుపు గడియ పెట్టి, హైటెక్ సిటీ ఆఫీసులో ఉన్న కొడుకు రోహిత్‌కు ఫోన్ చేసింది. వివరాలు కనుక్కుని కాసేపటికి అతనే తిరిగి చేశాడు.

"కొనడమే నేరం అమ్మా! పట్టి పట్టి అమ్మి ఆ పచ్చవాటిని ఎక్కువ మిగల్చలేదట. వాటిది రాజస్థాన్ వైపు కొండలు. అటవీశాఖ వాళ్లొస్తున్నారు, తిట్టినా పడి ఇచ్చెయ్."

"తిట్టనీలే. దాని వాళ్ల దగ్గరికి చేర్చమను."

మొక్కు సగమే తీరింది. జీపు వచ్చేదాకా రసజ్ఞ మాత్రం పిట్టతో మాట్లాడుతూనే ఉంది.