ముంచి దాచిన పడవ

వలలు అల్లే అక్కకు ఇప్పుడు మిగిలిన ఆశల్లా తమ్ముడి మొండితనమే.

వాడు కుడి అంటే ఎడమ అనే రకం. తల్లి పోయాక చంకనెత్తుకుని పెంచిన అక్క మాటనైనా చెవిన పెట్టడు. గొడుగు తీసుకెళ్లమంటే తడిసి వచ్చేవాడు, తిని వెళ్లమంటే ఆకలి లేదనేవాడు. దీవి మొత్తం వాణ్ణి మొండోడనే పిలిచేది. ఆ పేరు పెట్టింది అక్కే.

ఆ రోజు ఉదయం తుఫాను దూరంగా దక్షిణం వైపు పోతుందని రేడియో చెప్పింది. పది గంటలకు చివరి దీవిలో ఫోన్లు పలకడం మానేశాయి. ఇంకో గంటకు నడిమి దీవి కూడా మూగబోయింది. ఆ వరసలో తర్వాత ఉన్నది తమ దీవేనని చంటిపిల్లలకు కూడా అర్థమైంది. రేడియో మహాతల్లి మాత్రం ఇంకా దక్షిణమే అంటోంది.

తుఫానులో పడవ బతకాలంటే దాన్ని ముందే ముంచేయాలి. నిండా రాళ్లు పోసి పాయ అడుక్కి దించితే, పైన గాలి ఎంత వీరంగం వేసినా దాని జోలికి రాదు. అక్కాతమ్ముళ్లిద్దరూ నడుములు పడిపోయేలా రాళ్లు మోశారు. పడవ సగం మునిగింది గానీ ముక్కు మాత్రం పైకి లేచి ఉంది.

“పెరట్లో బట్టలుతికే బండ ఉందిగా, అది తెచ్చి ముక్కు మీద పెట్టు” అంది అక్క.

“చాల్లేవే అక్కా! మునిగితే చాలు, పాతాళానికి పోనక్కర్లేదు. లాంచీ కూత వేస్తోంది, పద, పెద్ద దీవికి పోదాం.”

“లాంచీ లేదు గీంచీ లేదు. నాన్న పడవరా అది! బండ పెట్టేసి బడి మేడ మీదకు రా.”

“నేను పెట్టను. కావాలంటే నువ్వే మోసుకో” అని నవ్వాడు.

పక్కింటి ముసలమ్మను పట్టుకుని అక్క బడికి వెళ్లింది. కాసేపటికే గాలి, దాని వెనకే సముద్రం వచ్చాయి. తమ్ముడు రాలేదు.

ఇల్లు పునాదితో సహా పోయింది. అక్క ఏడవలేదు. “లాంచీ ఎక్కేసుంటాడు. నా మాట ఎప్పుడు విన్నాడు గనక?” అని కనపడ్డవాళ్లందరికీ చెప్పింది. లాంచీ క్షేమంగా చేరిందన్న కబురైతే రేడియోలో వచ్చింది. కానీ పెద్ద దీవిలో కూడా ఫోన్లు లేవు, జనం తలోదిక్కూ చెదిరిపోయారు. కాబట్టి కాదనగలవాళ్లు లేరు.

పడవ పైకి తీద్దామంటే మాత్రం ఆమెకు ప్రాణం ఒప్పేది కాదు. నీళ్లు తేటపడనీ అంది, తాళ్లు లేవంది, ఒంట్లో బాగాలేదంది. బండ లేకపోతే వాడు లాంచీ ఎక్కినట్టు. ఉంటే?

పదకొండో రోజు పడవల మేస్త్రి వచ్చాడు. “ఇక ఆగలేం అక్కా. తాగడానికి చుక్క నీళ్లు మిగల్లేదు. దీవి మొత్తానికి మిగిలింది నీ పడవొక్కటే. పెద్ద దీవి నుంచి నీళ్లు తెచ్చుకుందాం, మీ వాణ్ణి కూడా వెతుక్కొద్దాం.”

మేస్త్రి మునిగాడు. అక్క గట్టు మీద కూర్చుంది. పైకి తేలినప్పుడు అతని మొహం వెలిగిపోతోంది.

“అక్కా, చెక్క కూడా కదల్లేదు! ముక్కు మీద భలే బరువు పెట్టారు!”

ఇద్దరు మనుషులు తాడు కట్టి లాగారు. బండ గట్టెక్కింది. ఓ మూల విరిగి ఉంది. వద్దురా అంటున్నా వినకుండా ఆరేళ్లప్పుడు సుత్తితో కొట్టి విరగ్గొట్టింది వాడే.

“ఇది నేను పెట్టలేదు” అంది అక్క. మేస్త్రికి అప్పుడు అర్థమైంది. వెతుక్కొద్దామన్న మాట మళ్లీ ఎత్తలేదు.

అక్క ఆ విరిగిన మూలను చేత్తో నిమిరింది. పదకొండు రోజులుగా రాని ఏడుపు వచ్చింది.

“పుట్టి బుద్ధెరిగి ఒక్క మాట విననివాడివి” అంది. “వినక వినక ఈ మాటే వినాలట్రా నువ్వు?”