టీవీ కింద రాలిన ముక్కలు

టైలరమ్మ పొద్దున్నే చేసే మొదటి పని టీవీ పెట్టడం. మొహం కడుక్కోవడం ఆ తర్వాతే. ముందుగదిలో కుట్టుమిషను, దానికెదురుగా గోడకు టీవీ, అందులో పొద్దస్తమానం ఊరి వార్తలు. కాలు మిషను మీద, చెయ్యి బట్ట మీద, చెవి వార్తల మీద. కొలతలివ్వడానికి ఎవరొచ్చినా భుజం మీద టేపు పెట్టి, ఏ వీధిలో పైపు పగిలిందో, ఎవరింట్లో దొంగలు పడ్డారో చెప్పేది. మామూలుగా నలుగురిలో నోరు విప్పని మనిషి. వార్తలైతే మాత్రం గుక్కతిప్పుకోకుండా చెప్పేది. అవి తన మాటలు కావు కదా, భయం ఉండదు. ఈ ఇంట్లో నీ గొంతుకంటే వార్తలు చదివేవాడి గొంతే ఎక్కువ వినిపిస్తుందని ఆమె మొగుడు ఎత్తిపొడిచేవాడు.

సాయంత్రం రెండు చోట్ల ఊడ్చేది. మిషను కింద గుడ్డముక్కలు, టీవీ కింద వార్తల ముక్కలు. వార్తలవాళ్ళు కత్తిరించి పారేసిందంతా ఎవరి టీవీ కింద వాళ్ళకు రాలుతుంది. అన్నిళ్ళలోనూ అంతే. పల్చటి బట్టలా ఉంటాయి, వెలుగుకేసి పట్టుకుంటే బొమ్మ కదులుతుంది, చెవి దగ్గర పెట్టుకుంటే మాట వినిపిస్తుంది. నాయకుడి సభ చూపించిన రోజు ఖాళీ కుర్చీల ముక్కలు చేటెడు పోగయ్యేవి. వానల వార్త వచ్చిన రోజు ముక్కలు తడిగా రాలి నేల జారేది. అందరూ ఊడ్చి అవతల పారేసేవాళ్ళే, చెత్తను పనిగట్టుకుని ఎవరు చూస్తారు? టైలరమ్మ ఏదీ పారేసే మనిషి కాదు, గుడ్డముక్కలతో కలిపి దిండులో కూరేది.

ఒక మంగళవారం పైవాటా అతను టీవీలో కనిపించాడు. బడి వ్యాను నడుపుతాడు, పిల్లలంతా వ్యాను బాబాయి అంటారు. రోడ్డు మధ్యలో ఆగిన వ్యాను, ముందునుంచి పొగ, వెనక్కి చూడకుండా పరిగెడుతున్న బాబాయి. నాలుగు క్షణాల బొమ్మ. పిల్లల్ని మంటల్లో వదిలి పారిపోయిన డ్రైవరు అని కింద ఎర్రక్షరాలు. పొద్దుగూకేలోగా దాన్నే వందసార్లు వేశారు. పదోసారికి టైలరమ్మకు కోపమొచ్చింది. ఇరవయ్యోసారికి అతను అలాంటివాడని తనకు ముందే తెలిసినట్టనిపించింది. బాబాయే మమ్మల్ని దించాడని పిల్లలు ఇళ్ళల్లో చెప్పారట. మీకేం తెలుసు, టీవీలో చూపిస్తుంటే అని పెద్దవాళ్ళు కసిరారట. ఆ మూడు రోజుల్లో కొలతలకొచ్చిన తొమ్మిదిమందికీ టైలరమ్మ ఈ కథ చెప్పింది. మెట్ల దగ్గర అతను ఎదురైతే తల తిప్పుకుంది.

శుక్రవారం అతని పెళ్ళాం ఒక చొక్కా పట్టుకుని దిగింది. చొక్కా చేతులు మాడిపోయాయి, మార్చి కుట్టమంది. సోమవారం వ్యాను అన్ని స్టాపులకీ వెళ్తుందట. పిల్లలు ఎక్కితే ఉద్యోగం ఉంటుంది, ఎక్కకపోతే వేరే డ్రైవర్ని పెట్టుకుంటామని బడి పెద్దమ్మగారు చెప్పేశారట. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"ఆయన పారిపోయాడని నువ్వు కూడా చెప్పావంట కదక్కా. నిలదీయడానికి రాలేదులే. ఎనిమిదేళ్ళు నీ నెత్తిన కాపురమున్నాం, ఒక్కసారి పైకొచ్చి అడుగుతావనుకున్నా."

 ఆమె వెళ్ళాక టైలరమ్మ చొక్కా మిషను మీద పరిచింది. పారిపోయినవాడి చొక్కా మాడితే వీపు మాడాలి. ఇది మణికట్ల దగ్గర, గుండీల దగ్గర మాడింది. మంటకు ఎదురెళ్ళినవాడి చొక్కా.

లేచి టీవీ కట్టేసింది. దిండు తెచ్చి కుట్లు విప్పింది. పొగవాసన వేస్తున్న ముక్కలన్నీ ఏరి, అంచుకు అంచు కలిపి, చొక్కా కుట్టినంత శ్రద్ధగా కుట్టింది. వెలుగుకేసి పట్టుకుంటే అంతా కనిపించింది. బాబాయి పిల్లల్ని ఇద్దరిద్దరిగా దించి, గోడవార నిలబెట్టి, తలల మీద చెయ్యివేసి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. అప్పుడు పరిగెత్తాడు, ఎదుటి పెట్రోలు బంకులో నిప్పులార్పే ఎర్ర సిలిండరు కోసం. దాంతో మళ్ళీ వెనక్కి పరిగెత్తాడు.

టీవీ అడుగున పాకే వార్తలవాళ్ళ ఫోను నంబరు ఆమెకు నిద్రలో లేపినా వచ్చు. చేసింది. శనివారం విలేకరి, కెమెరా అతను వచ్చారు. ఇరవై నిమిషాలు మాట్లాడింది, అన్నీ తన మాటలే. కుట్టిన బట్ట చూపించింది. తొమ్మిదిమందికి చెప్పి తప్పు చేశానని కూడా చెప్పింది.

ఆదివారం సాయంత్రం వార్తల్లో ఆమె మూడు క్షణాలు కనిపించింది. "అవును, పరిగెత్తాడు" అంది టీవీలోని టైలరమ్మ. కింది వాటా ఆవిడే ఒప్పుకుందని ఎర్రక్షరాలు పడ్డాయి.

ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. మొగుడు వచ్చి పక్కన కూర్చున్నాడు. అప్పుడు టీవీ కింద ముక్క రాలడం మొదలైంది. రాలుతూనే ఉంది. బట్టల తాను విప్పినట్టు నేలమీద బారలు బారలుగా పరుచుకుంటోంది.

పైకి వెళ్ళి కాళ్ళమీద పడదామని తలుపు తీసింది. వీధిలో ప్రతి గుమ్మంలోనూ ఎవరో ఒకరు చీపురు పట్టుకుని నిలబడ్డారు. ముక్క మరీ పొడుగు, చేటలోకి ఎత్తుతుంటే చీపురుకే చుట్టుకుంటోంది. విప్పుకోవడానికి అందరూ చేతుల్లోకి తీసుకోవాల్సొచ్చింది. తీసుకున్నాక వెలుగుకేసి పట్టుకున్నారు, చెవి ఆనించారు.

"మన టైలరమ్మకు ఇంత మాట వచ్చా?" అంది ఎదురింటి ముసలమ్మ. ముక్కను మళ్ళీ చెవికి ఆనించుకుంది.

బాబాయి పెళ్ళాం చివరి మెట్టు మీద తన ముక్క ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది. టైలరమ్మను చూసి కొంచెం జరిగి చోటిచ్చింది.

సోమవారం కొత్త చేతుల చొక్కా వేసుకుని బాబాయి వ్యాను తీశాడు. మొదటి స్టాపులో ఎవరూ లేరు. ఇంజను ఆపకుండా కాసేపు చూశాడు. మలుపు అవతలనుంచి ఒక తల్లి కూతుర్ని చంకనేసుకుని, ఇంకో చేత్తో బ్యాగు ఊపుకుంటూ, ఆగమని పరిగెత్తుకొస్తోంది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. ఆఖరి స్టాపు చేరేసరికి, రోజూ నడిచి బడికెళ్ళే పిల్లలు కూడా ఎక్కేసి, నువ్వు జరుగంటే నువ్వు జరుగంటూ సీట్ల కోసం తోసుకుంటున్నారు.