కోపం క్లాసులో ఫస్టు

కోర్టు వెనక పాత సామాన్ల గదిని ఊడ్చి, కుర్చీలు వేసి, దానికి కోపం తగ్గించుకునే క్లాసు అని పేరు పెట్టారు. భార్య మీద చెయ్యి చేసుకున్నవాణ్ణి జైలుకు పంపడానికి మనసొప్పకపోతే జడ్జీలు అక్కడికి పంపేవారు. వచ్చినవాళ్ళలో చాలామంది, ఈ క్లాసు తమకంటే పెళ్ళాలకే అవసరమన్న ముఖాలతో కూర్చునేవారు. ఒక్క లిఫ్టు మెకానిక్ మాత్రం అందరికంటే ముందొచ్చి కుర్చీలు సర్దేవాడు, బోర్డు తుడిచేవాడు, అడిగినదానికి ఠక్కున జవాబు చెప్పేవాడు. తోటివాళ్ళు అతనికి మాస్టారు అని పేరు పెట్టారు.

మాస్టారు అక్కడికి రావడం అది రెండోసారి. మొదటి భార్య దవడ విరిగినప్పుడు జరిమానాతో సరిపెట్టారు. ఆమె వదిలేసి వెళ్ళాక కట్టుకున్న ఈ రెండో భార్య విషయంలో ఒకసారి రాజీ అన్నారు, ఒకసారి క్లాసుకు పంపారు. ఇప్పుడు ఆమె మణికట్టు విరిచాడు. తీర్పు వచ్చేదాకా మళ్ళీ క్లాసుకే వెళ్ళమన్నారు. ప్రతిసారీ ఎవరో ఒక జడ్జి ఇదే చివరి అవకాశం అని వేలు చూపించి మరీ చెప్పారు. ఇన్ని చివరలున్న వస్తువు లోకంలో ఇంకోటి ఉండదు.

క్లాసు చెప్పే మేడమ్ అంతకుముందు బడిలో లెక్కలు చెప్పేది. నిజం చెప్పాలంటే ముక్కు మీద కోపం ఆమెకే ఉండేది. మాస్టారిని చూసి మొదట్లో ఆమె కూడా మురిసిపోయింది. ఆ మురిపెం అతని భార్య వచ్చేదాకానే. ఆ అమ్మాయి లాండ్రీలో ఇస్త్రీ చేసేది, బడికెళ్ళే కూతురుంది. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, నెమ్మదిగా చెప్పుకొచ్చింది.

"ఇదివరకు కొట్టి ఊరుకునేవాడండి. మీ దగ్గరికొచ్చాక, కొట్టి, ఎందుకు కొట్టాల్సొచ్చిందో కూర్చోబెట్టి చెబుతున్నాడు. అర్థమైందో లేదో మళ్ళీ నా చేత చెప్పించుకుంటున్నాడు. ఈసారి కూడా ఇంటికి పంపించారంటే నేను మిగలను మేడమ్. మీరు చెబితే జడ్జి గారు వింటారు."

చెబుతానని మేడమ్ మాటిచ్చింది.

తీర్పు రోజున జడ్జి గారు మేడమ్‌ని రెండే ప్రశ్నలు అడిగారు. ఇతను క్లాసు ఎగ్గొట్టాడా? లేదు. అమర్యాదగా ప్రవర్తించాడా? లేదు. వీడు నేర్చుకున్నది చిలక పలుకులేనని ఆమె మొదలుపెట్టేసరికి అతని వకీలు లేచి, కొట్టడం మీరు కళ్ళారా చూశారా అన్నాడు. చూడలేదు. చూసిన మనిషి అక్కడే చేతికి కట్టుతో కూర్చునుంది. ఆమెనెవరూ అడగలేదు.

తర్వాత మాస్టారు మాట్లాడాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అతని విషయంలో కోర్టు కూడా మంచిదైపోయింది. భార్య వైపు తిరిగి, నీ కళ్ళలో భయం నేను పెట్టిందే, బతికున్నన్నాళ్ళూ దాన్ని తుడవడమే నా పని అన్నాడు. గొంతు సరిగ్గా ఎక్కడ పూడుకుపోవాలో అక్కడే పూడుకుపోయింది. ప్రభుత్వ వకీలు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. జడ్జి గారి ముందు పాత కేసుల కాగితాలన్నీ ఉన్నాయి. గడిచింది గడిచిపోయింది, ఇంత పశ్చాత్తాపం నేనెక్కడా చూడలేదు, జైలుకు పంపితే ఉద్యోగం పోయి సంసారం వీధిన పడుతుంది అన్నారు. శిక్ష వేశారు కాని బుద్ధిగా ఉంటే అనుభవించనక్కర్లేదన్నారు. పైగా వారం వారం క్లాసుకెళ్ళి, కొత్తవాళ్ళకు తన మార్పు గురించి చెప్పాలట. మేడమ్‌కి ఒళ్ళు మండిపోయింది.

వరండాలో ఆ అమ్మాయి ఏడవలేదు. మాస్టారు వకీలుకి చేతులు జోడిస్తున్నంతలో మేడమ్ దగ్గరికొచ్చి అడిగింది.

"క్లాసు ఎంతసేపండి?"

మేడమ్‌కి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అతను ఆ అమ్మాయి చేత పని మానిపించాడు. తను ఇంట్లో లేనప్పుడు నిమిషానికోసారి ఫోన్ చేసేవాడు, ఎత్తకపోతే పని వదిలేసి వచ్చేవాడు. క్లాసులో మాత్రం ఎవరి ఫోనైనా తలుపు దగ్గర బుట్టలో పడెయ్యాల్సిందే.

"రెండు గంటలమ్మా," అంది మేడమ్. "ఆయన మాట్లాడుతుంటే ఇంకాస్త పడుతుంది."

ఆ వారం కొత్తవాళ్ళు వచ్చారు. మాస్టారు ఇస్త్రీ చొక్కాతో బోర్డు ముందు నిలబడ్డాడు. ఆడదాన్ని గౌరవించడం గురించి, మాట తూలకపోవడం గురించి చెప్పాడు. సమయం అయిపోయింది. వెనకవాళ్ళు కుర్చీలు జరుపుకుని లేచారు. అతను ఫోన్ల బుట్ట వైపు చూశాడు.

"కూర్చోండి," అంది మేడమ్ గట్టిగా. తర్వాత అతని వైపు తిరిగి, వీలైనంత మెత్తగా అంది. "మాస్టారూ, వెనకవాళ్ళకి సరిగ్గా వినపడలేదు. మొదటి నుంచీ ఇంకోసారి చెప్పండి."

అతని ముఖం వెలిగిపోయింది. చొక్కా సర్దుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.

అదే సమయానికి ఆ అమ్మాయి, కట్టున్న చేతి వేళ్ళతో కూతుర్ని పట్టుకుని, రెండో చేత్తో సంచి మోసుకుంటూ బస్‌స్టాండుకు పోతోంది. లాండ్రీ యజమానురాలి చెల్లెలు ఉండే ఊరికి టిక్కెట్టు. సొంత అక్క దగ్గరికైతే అతను ముందు అక్కడే వెతుకుతాడు. ఇల్లు, పిల్ల బడి, నలుగురు తెలిసిన వీధి, అన్నీ ఆ అమ్మాయికే పోయాయి. ఒళ్ళంతా కేసులున్నవాడు దర్జాగా తన ఇంటికి తాను వెళ్తాడు. ఏ కేసూ లేనిది దొంగలా పారిపోవాలి. రేపు అతను వెతికి పట్టుకుంటే ఇంకో జడ్జి గారు ఇంకో చివరి అవకాశం ఇస్తారు. అది మేడమ్‌కి బాగా తెలుసు. తెలిసీ అతని ప్రతి మాటకూ తలూపుతూ కూర్చుంది.

భార్యంటే తనకెంత గౌరవమో చెబుతూ అతను కళ్ళు తుడుచుకున్నాడు. ముందు వరసలో ఒకడు కూడా తుడుచుకున్నాడు. అందరికంటే ముందు మేడమే చప్పట్లు కొట్టింది.

"ఇంకా చెప్పమంటారా మేడమ్?" అన్నాడు.

బస్సు ఊరు దాటిందో లేదో ఆమెకు తెలియదు.

"చెప్పండి," అంది.