ఇల్సెబ్ కోసం అడిగిన అనుమతి

ఇల్సెబ్‌ను చంపింది జనరల్ ఫాన్ ప్లెస్కో. ఇందులో ఆమె మొగుడు ఆఖిమ్‌కు అనుమానం లేదు. కాన్పు కష్టమైందని మంత్రసాని అంది. దేవుడి చిత్తమని పాస్టరు అన్నాడు. నెరిసిన జుట్టుతో తొలి కాన్పు ఎందుకు వచ్చిందో మాత్రం ఇద్దరూ అడగలేదు. బిడ్డ కూడా దక్కలేదు.

దళపతి అయిన ప్లెస్కో సంతకం లేనిదే హుస్సారు రౌతుకు పెళ్లి లేదు. ప్లెస్కో పొలాల్లో పుట్టినవాడు ప్లెస్కో గుర్రపు దళంలోనే చేరాలి, కాబట్టి ఆఖిమ్ ఇంకెక్కడికీ పోలేడు. ఏటా వసంతకాలపు కవాతు ముగిశాక టోపీ చంకలో పెట్టుకుని వెళ్లి అడిగేవాడు. ఏటా ప్లెస్కో గుర్రం డెక్కల వంకే చూస్తూ, పెళ్లయినవాడు యుద్ధంలో గుర్రాన్ని వెనక్కి తిప్పుతాడు, వచ్చే ఏడు చూద్దాం పొమ్మనేవాడు. యుద్ధాలన్నీ అయిపోయి, ఆఖిమ్ మోకాలు వంగక దళానికి పనికిరాడని తేలాక సంతకం పెట్టాడు.

ప్లెస్కో ఎదుగుదలంతా ఆఖిమ్ కళ్ల ముందే జరిగింది. మీసం రాకముందే జెండా మోయడానికి చేరినవాడు. సిలీషియాలో బఠాణీ చేల మీదుగా ఆస్ట్రియన్ ఫిరంగుల మీదికి దళాన్ని ఉరికించి, రాజుగారి చేత మెడలో నీలి శిలువ పతకం వేయించుకున్నాడు. ఆ రోజు ఆఖిమ్ ఆయన ఎడమ పక్కనే ఉన్నాడు. దుమ్ములో తన గుర్రం చెవులు తప్ప ఏమీ కనబడలేదు. గెలిచామని సాయంత్రం ఎవరో చెబితే తెలిసింది. తర్వాత దళానికే ఆయన పేరు వచ్చింది. ప్లెస్కో హుస్సార్లంటే బెర్లిన్‌లో బండ్లవాళ్లు పక్కకు తప్పుకునేవారు. ఆఖరికి ఒక కవాతులో వరస వంకరపోయిందని రాజుగారు అందరి ముందూ ముఖం తిప్పుకున్నారు. అంతే. ప్లెస్కోను ఇంటికి పంపారు, దళానికి ఇంకొకడి పేరు పెట్టారు. ఆ వార్త విన్న పూట ఆఖిమ్ కడుపునిండా తిన్నాడు.

ఇల్సెబ్ పోయాక అతనికి కావలసింది ఒక్క మాట. తప్పు చేశానని ప్లెస్కో నోటి నుంచి రావాలి. ముసలాయన కన్ను మూసేలోగా రావాలి. అందుకే ఆదివారాలు చర్చి ముంగిట ఆయన బండికి ఎదురుగా నిలబడేవాడు. ప్లెస్కో మొదట్లో చూసేవాడు కాదు. తర్వాత చూసినా పోల్చుకునేవాడు కాదు. మతి జారుతోందని, భోజనాల బల్ల దగ్గర సూప్ గిన్నెకు సెల్యూట్ కొడుతున్నాడని వంటవాళ్లు చెప్పుకున్నారు.

"ఇంక నీకు క్షమాపణ చెబితే ఆయన గుర్రమే చెప్పాలి మావా," అని కమ్మరి వెక్కిరించాడు.

రై ధాన్యం కోతల కాలంలో ఒక పొద్దున ప్లెస్కో తనంతట తానే ఆఖిమ్ వాకిట్లోకి వచ్చాడు. కోటు బొత్తాలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టి ఉన్నాయి. టోపీ చంకలో ఉంది. ఆఖిమ్ గడప మీద కూర్చుని జావ తాగుతున్నాడు. లేవలేదు. ముసలాయన మడమలు కలిపి బిగుసుకుని నిలబడ్డాడు.

"దొరా, ఒక మనవి."

ఆఖిమ్ వెనక్కి తిరిగి చూశాడు. ఇంట్లో ఎవరూ లేరు.

"పెళ్లికి అనుమతి కావాలి దొరా. పిల్ల మంచిది. మిల్లోళ్ల ఇల్సెబ్. గుర్రాన్ని వెనక్కి తిప్పనండి, ఒట్టు."

జావ చెంచా నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఆ మాటలు ఆఖిమ్‌వి. మిల్లోళ్ల ఇల్సెబ్ అని అడిగింది తను. ఒట్టు పెట్టింది తను. డెక్కల వంక చూస్తున్నవాడు వినలేదనుకున్నాడు. విన్నాడా? అక్షరం పోకుండా ఇన్నేళ్లు దాచుకున్నాడా? లేక ఇల్సెబ్‌ను తనకే కావాలనుకుని ఆపాడా? ఆమె ఎప్పుడూ ప్లెస్కో బంగళా దారిన నడిచేది కాదు, చుట్టు తిరిగి వచ్చేది. ఆ దారిలో బురదగా ఉంటుందని చెప్పేది. బురదేనా? అదీ కాకపోతే, తిన్నగా క్షమాపణ చెప్పలేక ఇలా నాటకమాడుతున్నాడా? ఆఖిమ్ ఆ కళ్లలోకి చూశాడు. అందులో ఏమీ దొరకలేదు.

"నేనెవర్ని?" అని అడిగాడు.

"దళపతిగారు."

"మరి నువ్వెవడివి?"

ముసలాయన చంకలో టోపీ సర్దుకున్నాడు.

"అడగడానికి వచ్చినవాణ్ణి."

తల ఒకసారి ఊపితే సరిపోయేది. ఎవరి పెళ్లికి ఊపాలో ఆఖిమ్‌కు అర్థం కాలేదు. ఎదురుగా ఉన్నది తనే అయితే ఊపాలి. ఆయనే అయితే ఊపకూడదు. ఇది తేలకముందే నోరు తెరుచుకుంది.

"కుదరదు. ఆ పిల్లని మర్చిపో."

"చిత్తం దొరా," అన్నాడు ప్లెస్కో. వెనక్కి తిరిగి, టోపీ పెట్టుకోకుండానే ఎండలో నడిచి వెళ్లిపోయాడు. ఆ నడక ఎలా ఉంటుందో ఆఖిమ్‌కు తెలుసు. జావ చల్లారిపోయింది. కుక్కకు పోశాడు.

రెండు రోజుల తర్వాత ప్లెస్కో చెల్లెలు ఉల్రికె వచ్చింది. పెళ్లి లేకుండా అన్న ఇల్లు చూసుకునే మనిషి. ఆమెకు మాత్రం లేచి నిలబడ్డాడు. ఆమె బల్ల మీద కూర్చోకుండానే, అన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడని, పాలు కూడా ముట్టడం లేదని, 'కుదరదన్నారు' అని తప్ప ఆయన నోట ఇంకో మాట లేదని చెప్పింది.

"మీ అన్నగారు ఎప్పుడైనా ఎవర్నైనా చేసుకోవాలనుకున్నారా అమ్మగారూ?"

"మా అన్నా? ఆడగుర్రాల పేర్లు తప్ప ఇంకే ఆడపేరూ ఆయన నోట వినలేదు నేను. ఎందుకడుగుతున్నావు?"

ఆఖిమ్ ఆమె వంక చూశాడు. ఆడపేరు వినలేదంటే ఆయన దాచాడనా, అసలు లేదనా? ఆమె ముఖంలోనూ జవాబు లేదు.

"నీ దగ్గరకొచ్చి వెళ్లినప్పట్నించే ఇలా అయ్యాడు ఆఖిమ్. ఏమడిగాడు? నువ్వేమన్నావు? వచ్చి ఆ మంచం పక్కన నిలబడి సరేనను. ఒక్క మాటే కదా."

అతను మేకు నుంచి టోపీ తీశాడు. గుమ్మం దాకా వెళ్లాడు. అక్కడ ఆగాడు. సరే అంటే ఇల్సెబ్‌ను ఎవరికి ఇచ్చినట్టు? అనకపోతే ఆమెను రెండోసారి కాదన్నది ఎవరు? టోపీ మళ్లీ మేకుకు తగిలించాడు.

"రాను అమ్మగారూ. ఆయన నాతో అనాల్సింది అనలేదు. నేనన్నది మీకు చెప్పను. పాస్టరొచ్చినా చెప్పను, రాజుగారు పిలిపించినా చెప్పను. ఈ ఇంట్లో ఆ మాట ఇంక ఎత్తకండి."