ముదరని పాకం

ఎడపల్లి నుంచి బోధన్ వెళ్లే బస్సులో, మాఘమాసంలో కళ్లు మూసుకుని కూర్చున్నా జయరాజ్ గానుగ ఎప్పుడొచ్చిందో తెలిసిపోయేది. ముందు పిప్పి పొగ, దాని వెనకాలే కాగుతున్న చెరుకు రసం వాసన. దిగేవాళ్లు ఎవరూ లేకపోయినా కండక్టరు బస్సు ఆపించి, తానే దిగి, వేడి బెల్లం ఓ ముద్ద నోట్లో వేసుకుని వచ్చేవాడు. ఆలస్యమెందుకైందని డిపోలో అడిగితే బర్రెలు అడ్డమొచ్చాయనేవాడు. డిపోలో అన్నాడు కాబట్టి సరిపోయింది. ఆ మాటే గానుగ దగ్గర అని ఉంటే ఆ పూట ఎవరి చెరుకో నేలపాలయ్యేది.

ఎందుకంటే జయరాజ్ చెరుకు రసం కాచే పెనం దగ్గర అబద్ధం సాగదు. అబద్ధం ఆడినవాడూ, దాన్ని నమ్మినవాడూ, ఇద్దరూ పెనం చుట్టుపక్కల ఉన్నంతసేపు పాకం ముదరదు. ఇద్దరిలో ఒకరు కాలువ వంతెన దాటితే ముదురుతుంది. తిరిగొస్తే మళ్లీ పలచబడుతుంది. ఇది ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. దాని గురించి ప్రత్యేకంగా ఎవరూ మాట్లాడుకునేవారు కాదు, దాన్నిబట్టి మసలుకునేవారు. మొగుడూ పెళ్లాం కలిసి గానుగకు రావడం అరుదు. ఎలక్షన్ల ఏడు సర్పంచ్ ఆ దారినే పోడు. పాస్టరు గారు కూడా సీజను మొదటి పెనానికి వచ్చి ప్రార్థన చేస్తారు గాని, రోజూ ఎవరెవరి కోసం ప్రార్థిస్తున్నదీ మాత్రం కాలువ అవతల నిలబడే చెబుతారు.

జయరాజ్ బెల్లానికి బోధన్ బజారులో పేరుంది. బంగారం రంగు, గోటితో గిల్లితే రవ్వ. అదంతా పాకం దించే క్షణంలో ఉంటుంది. ఒక్క నిమిషం ముందు దించితే గడ్డ కట్టదు, ఒక్క నిమిషం ఆగితే మాడుతుంది. జయరాజ్ చేతులు వెనక్కి కట్టుకుని, గడ్డం పైకెత్తి నిలబడి, “దించుండ్రి” అంటే ఇక దానికి తిరుగు లేదు. ఆ నిలబడే తీరు చూసి నేర్చుకుందామని కోటగిరి నుంచి కూడా మనుషులు వచ్చారు. గడ్డం పైకెత్తడం వాళ్లకూ బాగానే వచ్చింది. బెల్లం రాలేదు.

వాళ్లు చూడాల్సింది జయరాజ్‌ను కాదు. పిప్పి కుప్ప మీద పుస్తకం పట్టుకుని కూర్చునే అతని కూతురు సువార్తను. ఆమె పేజీ మీంచి తలెత్తి పెదవులు బిగిస్తే జయరాజ్ దించమంటాడు. ఆమె పన్నెండో ఏటి నుంచీ అంతే. ఆమె బోధన్‌లో ఇంటరు చదవడం మొదలుపెట్టాక పెనం దించే వేళలు కాలేజీ బస్సు వేళలతో కలిశాయి. ఎందుకిట్లా అని ఎవరైనా అడిగితే జయరాజ్ ఆకాశం వైపు చూసేవాడు. అడిగినవాళ్లు అది గాలిని బట్టి ఉంటుందనుకుని వెళ్లిపోయేవారు. ఆకాశం వైపు చూడటం అబద్ధం కాదు కదా.

ఆ ఏడు సువార్త ఇంటరు అయిపోవస్తోంది. ఏం చదవాలన్నదాని మీద ఊళ్లో ఆమెకు తప్ప అందరికీ ఒక అభిప్రాయం ఉండేది. తల్లి శారమ్మ టీచరు ట్రైనింగంది. పాస్టరు గారు నర్సింగన్నారు. సువార్త మాత్రం రాజేంద్రనగర్ పోయి వ్యవసాయం చదువుతానంది. చుట్టం కాకపోయినా కాకా అని పిలిపించుకునే పొరుగు రైతు పోశన్న అది విని చాలాసేపు నవ్వాడు. చెరుకు పెట్టడానికి నాలుగేళ్లు చదవాలా, తనను అడిగితే నాలుగు రోజుల్లో చెప్పేవాడినన్నాడు. “అయితే నీ చెరుకుకు ఎర్రకుళ్లు ఎందుకొస్తుందో చెప్పు కాకా” అందామె. పోశన్నకు అప్పుడే ఎడ్లకు నీళ్లు పెట్టాలని గుర్తొచ్చింది.

ఎంట్రెన్సు ఫారాలు నిజామాబాద్‌లో ఒక కాలేజీలో ఇస్తున్నారు. నింపి అక్కడే ఇవ్వాలి. ఆఖరు తేదీకి ముందురోజు జయరాజ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫారం తెస్తానని బస్సెక్కాడు. కాలేజీ గేటు దాకా పోయాడు. వరసలో నిలబడ్డ ఎవరో తండ్రి, సీటొస్తే నాలుగేళ్లు హాస్టల్లోనే ఉంచాలని చెప్పాడు. జయరాజ్ అక్కడి నుంచి అట్లాగే వెనక్కి తిరిగి, బస్టాండులో చాయ్ తాగి, మిర్చి బజ్జీ తిని, తిరుగు బస్సెక్కాడు. ఎందుకు తిరిగొచ్చాడో దారి పొడుగునా తనకు తానే చాలా కారణాలు చెప్పుకున్నాడు. బస్సులో పెనం లేదు కాబట్టి అన్నీ నిలబడ్డాయి.

స్టాపు దగ్గర సువార్త ఎదురుచూస్తోంది. ఏం చెప్పాలో అతను అనుకోలేదు. నోరు తెరిస్తే అదే వచ్చింది.

“ఫారాలు అయిపోయినయట బిడ్డా. ముందుగాల పోయేదుండె.”

ఆమె ఏడవలేదు. సరే బాపు అని, అతని చేతిలోని సంచి అందుకుని ముందు నడిచింది. ఆ నడక వెనకాల నడుస్తూ, వంతెన మీదికి వచ్చాకే జయరాజ్‌కు పెనం గుర్తొచ్చింది.

తెల్లారి గానుగ ఆపేద్దామని చూశాడు. పోశన్న చెరుకు అప్పటికే ఆడేశారు. తీసిన రసం ఆగదు, పులుస్తుంది. సువార్తను కోటగిరిలో చిన్నమ్మ ఇంటికి పంపిద్దామని చూశాడు. “ఫారం లేనంక నాకు తొందరేముంది బాపు, పెనం కాడనే ఉంట” అని ఆమె వచ్చి పిప్పి కుప్ప మీద కూర్చుంది. ఈసారి చేతిలో పుస్తకం కూడా లేదు. తండ్రి అబద్ధమే పిల్లను తెచ్చి పెనం ఎదురుగా కూర్చోబెట్టింది.

పొద్దెక్కింది. పిప్పి తోసే కూలీ రాక, చాలా రోజులకు ఆ పూటే గానుగకు వచ్చిన శారమ్మ పొయ్యిలోకి పిప్పి తోస్తోంది. బోధన్ బెల్లం వ్యాపారి అయ్యూబ్ స్కూటరు వేసుకుని వచ్చి, చెట్టు నీడన రుమాలు పరుచుకున్నాడు. మడ్డి తీశారు, రసం ఎర్రబడింది, బుడగలు లేచాయి. గరిటెతో ఎత్తి చూస్తే మాత్రం నీళ్లలా కారిపోయింది. ఇంకాస్త మంట పెట్టారు. మళ్లీ కారిపోయింది.

“ఎవలో ఉన్నరు” అన్నాడు పోశన్న.

ఇట్లాంటప్పుడు చేసే పద్ధతొకటుంది. చెంబెడు నీళ్లతో పుక్కిలించి ఎవరి అబద్ధం వాళ్లు ఒప్పుకోవాలి. నోరు కడుక్కోవడం అంటారు దాన్ని. పోశన్న ముందుగా కడుక్కుని, క్రిస్మస్ నాడు శారమ్మ వండిన కూర బాగుందన్నది అబద్ధమన్నాడు. అయ్యూబ్ కడుక్కుని, పోయిన వారం పోశన్నతో బజారు పడిపోయిందన్నాడు గాని అంత పడలేదన్నాడు. శారమ్మ చెంబు అందుకుని, కుక్క ఎత్తుకుపోయిందన్న కోడిపుంజు నిజానికి కోటగిరిలో తన చెల్లెలింట్లో ఉందని చెప్పింది. జయరాజ్ నెల రోజులుగా ఆ కుక్కను రాళ్లతో కొడుతున్నాడు. ఇంకోరోజయితే ఆ మాట మీద పెద్ద పంచాయితీ అయ్యేది. ఇప్పుడతను తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉన్నాడు.

పాకం నీళ్లలాగే ఉంది.

“నువ్వు కడుక్కోలే” అంది శారమ్మ.

జయరాజ్ ఆ మాట విననట్టు సువార్త వైపు తిరిగి, దూప అవుతోంది, కాలువ అవతలి బోరింగు నీళ్లు తెమ్మన్నాడు. ఆమె బిందె తీసుకుని పోయింది. ఆమె వంతెన దాటిందో లేదో పెనంలో బుడగల చప్పుడు మారింది. గరిటె ఎత్తితే తీగ సాగింది. పోశన్న ముఖం విప్పారింది.

“దించు జయరాజన్నా.”

జయరాజ్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. గడ్డం పైకెత్తాడు. ఏమీ తెలియలేదు. బుడగలు ఎర్రగా లేచి పగులుతున్నాయి. ఇదేనా, ఇంకా ఉందా, దాటిపోయిందా. పోశన్న మళ్లీ దించమన్నాడు. అయ్యూబ్ లేచి నిలబడ్డాడు. మాడు వాసన పలచగా మొదలైంది. జయరాజ్ గిరుక్కున వెనక్కి తిరిగి, వంతెన వైపు కేక పెట్టాడు.

“సువార్తా, జల్ది రా బిడ్డా.”

ఆమె ఖాళీ బిందెతోనే పరిగెత్తుకొచ్చింది. వంతెన ఇవతల కాలు పెట్టగానే తీగ తెగి, పాకం మళ్లీ నీళ్లయింది.

ఇంక ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేకపోయింది. అబద్ధం ఎవరిదైనా, నమ్మింది సువార్త. అయ్యూబ్ మళ్లీ చెంబు తీసుకున్నాడు. ఎంట్రెన్సు కోసం దిగిన ఫోటో మంచిగొచ్చిందని ఆమెతో అన్నాడట, మంచిగ రాలేదని ఒప్పుకున్నాడు. “అది నాకెరుకే చాచా” అంది సువార్త. నమ్మని అబద్ధం పెనానికి లెక్కలేదు. పోశన్న చాలాసేపు ఆలోచించాడు. ఆమెతో తానింకా ఏ అబద్ధమూ ఆడలేదని తేలేసరికి కొంచెం చిన్నబోయాడు. శారమ్మ పిప్పి తోయడం ఆపి, మొగుడి ముఖం చూస్తూ కూర్చుంది. ఇరవై ఏళ్లుగా చూస్తున్న ముఖం కాబట్టి ఎక్కువసేపు పట్టలేదు. చెంబు ఆమే అందించింది.

జయరాజ్ పుక్కిలించాడు. ఒకసారి చాలు, మూడుసార్లు పుక్కిలించాడు.

“ఫారాలు అయిపోలే బిడ్డా. గేటు దాక పోయి వాపసొచ్చిన. పట్నంల ఒక్కదానివి ఎట్లుంటవోనని భయమైంది.”

తండ్రి మాటకు ఎవరి కళ్లయినా చెమర్చేవే. సువార్త అతని ముఖం చూడలేదు. గరిటె ముంచి ఎత్తి చూసింది. సన్నటి తీగ కొంచెం దిగి, తెగిపోయింది.

“నిలుస్తలేదు బాపు” అంది. గొంతు పెద్దది చేయలేదు. “ఇయ్యాల్నే ఆఖరు దినం. పొద్దు వాలుతున్నది. ఇంకేమున్నదో గది గుడ చెప్పు.”

పొయ్యి కింద పిప్పి చిటపటలాడింది. అయ్యూబ్ అక్కడే ఉన్నాడు. జయరాజ్ చేతి బెల్లం అని చెప్పి ఇన్నేళ్లుగా బజారులో అమ్ముతున్నది ఆ అయ్యూబే. పోశన్న ఉన్నాడు, అంటే సాయంత్రానికల్లా ఊరంతా ఉన్నట్టే. జయరాజ్ ఆకాశం వైపు చూశాడు. ఈసారి దాంతో పని జరగలేదు.

“నువ్వు నాలుగేండ్లు పోతే పెనం ఎవలు దించుతరు బిడ్డా” అన్నాడు. “నాకు రాదు. ఎన్నడు రాలే. నీ మూతి చూసి దించమంటున్న.”

పెనంలో చప్పుడు మెల్లగా దగ్గరపడింది. సువార్త చేతిలోని గరిటె నుంచి తీగ సాగి, తెగకుండా అట్లాగే నిలబడింది.

ముందుగా కదిలింది అయ్యూబే. రుమాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “బేటీ, ఫోటోలు, మెమోలు తెచ్చుకో. స్కూటరుంది. గేటు మూయకముందే పోదాం” అన్నాడు.

సువార్త కదలలేదు. ఆమె కళ్లు పెనం మీదే ఉన్నాయి. ఇంకాసేపట్లో దించాలి. ఆ కాసేపు ఆగితే అక్కడ కౌంటరు మూసేస్తారు. పోశన్న నోరు తెరవబోయి, శారమ్మ చూపు చూసి మూసుకున్నాడు. చెరుకు అతనిది మరి.

“పో బిడ్డా” అన్నాడు జయరాజ్.

“బుడగల సప్పుడు ఆగి, గుసగుస పెట్టినట్టయితది బాపు. గప్పుడు దించు” అని, ఆమె ఇంటి వైపు పరిగెత్తింది. స్కూటరు వంతెన దాటి, దుమ్ము లేపుకుంటూ నిజామాబాద్ రోడ్డెక్కింది.

జయరాజ్ పెనం మీదికి వంగి విన్నాడు. అంతవరకూ ఎన్నడూ వినలేదు గనక అన్నీ గుసగుసల్లాగే వినిపించాయి. ఒకటి వినిపించింది, కాదేమోననుకున్నాడు. ఇంకోటి వినిపించింది, ఇంకొంచెం చూద్దామనుకున్నాడు. అతను దించమనే వేళకు శారమ్మ కొంగుతో ముక్కు మూసుకుంది. ఆ బెల్లం కాకి రంగున వచ్చింది. పోశన్న దాని చుట్టూ తిరిగి చూశాడు గాని ఏమీ అనలేదు. అక్కడ నిలబడి అంటే నిజమే అనాల్సి వస్తుంది, ఆ నిజం ఆడవాళ్ల ముందు అనదగ్గది కాదు.

మిగిలిన రసంతో రెండో పెనం ఎక్కించారు. అది బాగా కాగేవేళకు, పొద్దు బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గొట్టం పక్కకు దిగినప్పుడు, స్కూటరు తిరిగొచ్చింది. సువార్త దిగింది. జుట్టంతా దుమ్ము.

“ఇచ్చినవా?” అన్నాడు జయరాజ్.

“ఇచ్చిన.”

అతను ఆమె ముఖం చూడలేదు. గరిటె చూశాడు. తీగ నిలబడింది.

సువార్త చెంబెడు నీళ్లు తాగి, చల్లారిన మొదటి బెల్లం మీద కప్పిన గోనె వైపు చూసింది. “గది ఎట్లయింది బాపు?”

“మంచిగైంది” అన్నాడు జయరాజ్.

గరిటె నుంచి పాకం జలజలా కారిపోయింది. పోశన్న తల పట్టుకుని కింద కూర్చున్నాడు.

“మాడింది” అన్నాడు జయరాజ్. “మంచిగనే మాడింది.”

సువార్త పకాలున నవ్వింది. శారమ్మ నవ్వింది. పాకం మళ్లీ దగ్గరపడసాగింది. అందరూ అలవాటు ప్రకారం సువార్త వైపు తిరిగారు. ఆమె పోయి పిప్పి కుప్ప మీద కూర్చుంది. పెనం వైపు వీపు పెట్టి, కాలువ వైపు ముఖం తిప్పుకుంది.

జయరాజ్ ఆ వీపును కాసేపు చూశాడు. తరవాత చేతులు ముందుకు తెచ్చుకున్నాడు. గడ్డం దించి, చెవి పెనం మీదికి వంచాడు. సెగకు చెంప కమిలిపోతున్నా అట్లాగే ఉన్నాడు.

“దించుండ్రి” అన్నాడు.

ఎవరూ కదలలేదు. సువార్త వెనక్కి తిరగలేదు. శారమ్మ కొంగు బిగించి, పెనం చెవి పట్టుకుంది.

ఆ వానాకాలంలో సువార్త రాజేంద్రనగర్ బస్సెక్కింది. ఆ సాయంత్రపు బెల్లం ఏ రంగున వచ్చిందని ఊళ్లో ఎవరిని అడిగినా బంగారంలా వచ్చిందనే చెబుతారు. అడిగేటప్పుడు కాలువకు ఏ వైపున నిలబడ్డారో మాత్రం చూసుకోవాలి.