చెరో కొస

కడపలో ఎవరిని చూసినా తేజేశ్వర్‌కు ఒళ్ళు మండేది. పుట్టింది ఆ ఊళ్ళోనే. కానీ హైదరాబాదులో నాలుగేళ్ళు పెద్ద పెద్ద ఆఫీసులకు ఫోన్లూ కంప్యూటర్లూ కలిపే వైర్లు లాగించి, రెండువేల మూడులో తిరిగొచ్చేసరికి ఊరంతా మొద్దుల మంద అయిపోయినట్టు కనిపించింది. సొంత బోర్డు పెట్టుకుందామని ఉద్యోగం వదిలి వచ్చాడు. రాగానే నాగసుబ్బయ్య, శ్రీనివాసులు అనే అన్నదమ్ముల నాపరాళ్ళ కంపెనీ కొత్త ఆఫీసు పని దొరికింది. ఇది బాగుంటే బేతంచెర్ల దగ్గర వాళ్ళు కడుతున్న పాలిషు ఫ్యాక్టరీ పనంతా అతనిదే. లేదంటే మళ్ళీ హైదరాబాదు బస్సెక్కి, తను విసురుగా రాజీనామా ఇచ్చి వచ్చిన మేనేజరు ముందే చేతులు కట్టుకు నిలబడాలి.

ఇంత ఉన్నా మనిషి మొహం చిట్లింపు మాత్రం తగ్గలేదు.

పని మొదలుపెట్టే ముందు వైరు ముక్క ఒకటి కోసి అన్నదమ్ముల ముందు పెట్టాడు. "ఇందులో ఎనిమిది తీగలుంటాయి. వీటిని బిగించడానికి రెండు పద్ధతులు. ఒకదాంట్లో పచ్చ జత ముందొస్తుంది, ఇంకోదాంట్లో నారింజ జత. ఏది పెట్టమంటారు?" అన్నాడు. యజమానిని అడగడం హైదరాబాదులో నేర్చుకున్న మర్యాద. అడగకుండా ఉన్నా పోయేది.

"పచ్చే పెట్టప్పా," అన్నాడు నాగసుబ్బయ్య. "యాపారానికి బుధుడు బాగుండాల, పచ్చ వాడమని మా సిద్ధాంతి చెప్పినాడు."

"నా మొదటి లారీ నారింజ రంగుది," అన్నాడు శ్రీనివాసులు. "ఆ లారీతోనే ఈ కంపెనీ లేచింది. నారింజే ముందుండాల."

"సిద్ధాంతి కంటే నీ లారీ గొప్పదా?"

"సిద్ధాంతి వచ్చి బండలు మోసినాడా?"

తేజేశ్వర్ వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూశాడు. కోట్ల వ్యాపారం చేస్తారట! తీగ మీది రంగు చూసి పోవడానికి కరెంటుకేమైనా కళ్ళున్నాయా? ఇలాంటి వాళ్ళ దగ్గర సార్ సార్ అంటూ నిలబడవలసి వచ్చిందే అని లోలోపల ఛీ కొట్టుకున్నాడు.

"ఏది పెట్టినా ఒకటే సార్. రెండిటికీ తేడా లేదు. మీరే తేల్చుకొని మా ఏసుబాబుతో చెప్పండి," అని లేచాడు.

ఇంకొక్క మాట చెప్పవలసి ఉంది. ఏ పద్ధతి పెట్టినా వైరుకు రెండు కొసల్లోనూ అదే పెట్టాలి. అది నాలుక చివరిదాకా వచ్చింది. వీళ్ళకు చెప్పేకంటే గోడకు చెప్పుకోవడం నయమనుకొని మింగేశాడు. ఏసుబాబు ఇళ్ళకు కరెంటు పని చేసే మనిషి, ఈ వైర్లు అతనికి కొత్త. అతనికీ చెప్పలేదు. రెండు వరసలూ చూపించి, "చెప్పినట్టు బిగించు, ఎందుకని అడగాకు," అన్నాడంతే. అటునుంచి అటే బోర్డు రాయించుకోవడానికి కర్నూలు వెళ్ళిపోయాడు.

అన్నదమ్ముల తగువు ఎప్పటిలాగే తల్లి రాజ్యలక్ష్మమ్మ దగ్గరికి పోయింది. ఆమె తీర్పు ఎప్పుడూ ఒకటే, సగం సగం. ఆ ఇంటి వీధి తలుపుకు రెండు తాళాలు, ఒకటి పెద్దోడిది, ఒకటి చిన్నోడిది. ఇద్దరూ కలిసొస్తే తప్ప ఎవరూ ఇంట్లో అడుగు పెట్టలేరు. అయినా అందరూ అదే న్యాయమనుకుంటూ బయట అరుగు మీద హాయిగా కూర్చుంటారు.

"ఆ వైరుకు కొసలెన్ని నాయనా?" అని అడిగింది ఏసుబాబును.

"రెండమ్మా. ఒకటి టేబుల్ కాడ, ఒకటి వైర్లన్నీ కలిసే లోపలి రూములో."

"ఇంగేమి? టేబుళ్ళకాడ కొస పెద్దోడిది, లోపలి రూములో కొస చిన్నోడిది."

ఎవరి మర్యాదా పోలేదు. అందరికీ సంతోషమే. ఏసుబాబుకు మాత్రం ఎక్కడో అనుమానం కొట్టి కర్నూలుకు ఫోన్ చేశాడు. "సార్, వీళ్ళు ఒక కొస పచ్చ, ఒక కొస..."

"రెండూ ఒకటేనని చెప్పినానా లేదా? ఊరికే నా తల తినాకు!" అని తేజేశ్వర్ కట్ చేశాడు.

ప్రారంభానికి ముందురోజు వచ్చి, ఒక ఫోను పట్టుకొని ప్రతి టేబుల్ దగ్గరా తగిలించి చూశాడు. అన్నీ గణగణ మోగాయి. తీగలన్నీ చూసి చెప్పే పెట్టె అతని సంచిలోనే ఉంది. ఈ బండల కొట్టుకు ఇది చాల్లే అనుకొని బయటికి తీయలేదు.

మర్నాడు బ్యాంకు మేనేజరు వచ్చాడు, చుట్టాలొచ్చారు, కొబ్బరికాయ కొట్టారు. కంప్యూటర్లు వేశారు. ఒక్కదానికీ ఇంకోదానితో పొత్తు లేదు. తేజేశ్వర్ లోపలి రూములోకి పరుగెత్తి చూస్తే వైర్లన్నీ కలిసే పెట్టె మీద ఒక్క లైటు వెలగలేదు. అక్కడ నారింజ ముందుంది. టేబుల్ దగ్గర మూత ఊడదీస్తే పచ్చ ముందుంది. పంపే తీగ పోయి పంపే తీగకే, వినే తీగ పోయి వినే తీగకే తగులుతున్నాయి. రెండు పక్కలా మాట్లాడేవాళ్ళే, వినేవాడు లేడు. ఫోన్లకు వాడేది నడుమనుండే నీలం జత. అది ఈ తగువులోనే లేదు గనక నిక్షేపంగా మోగింది.

"ఏ గాడిద చేసిందీ పని?" అని అందరి ముందూ అరిచాడు.

"గాడిద పనేమప్పా?" అన్నాడు నాగసుబ్బయ్య, నెమ్మదిగానే. "మా అమ్మ చెప్పింది. రెండూ ఒకటేనని నువ్వే గదా అంటివి?"

అప్పుడు చెప్పక తప్పలేదు. చెప్పడానికి రెండు మాటలు చాలాయి. ఆ మొద్దులకు ఒక్కసారికే అర్థమైంది.

"అంతేనా? సరే, చిన్నోడి రంగే కానీ. నాకేమి," అన్నాడు అన్న.

"ఈ ముక్క చెప్పేదానికి నీకు నోరు రాలేదా నాయనా?" అంది రాజ్యలక్ష్మమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. అందుకే అతనికి ఎక్కువ మండింది.

ఏసుబాబును ఒక వరస టేబుళ్ళకు పంపి, ఇస్త్రీ చొక్కాతోనే తేజేశ్వర్ ఇంకో వరస కింద దూరాడు. నాగసుబ్బయ్య కాళ్ళ దగ్గర ముడుచుకొని పచ్చ ఊడదీసి నారింజ బిగిస్తుండగా నెత్తిమీద ఫోను మోగింది.

"ఆ, చెప్పప్పా నారాయణా," అన్నాడు నాగసుబ్బయ్య. "ఫ్యాక్టరీలో వైర్ల పనా? అది నువ్వే వచ్చి చేసుకో. ఈడ చేస్తాండే ఇంజినీరా? ఆయప్పకు శానా తెలుసు. మనట్లాంటోళ్ళతో మాట్లాడేదానికే ఆయప్పకు కుదరదు."

అవతలి మనిషి నవ్వడం టేబుల్ కిందికి కూడా స్పష్టంగా వినిపించింది. ఆ లైను తేజేశ్వర్ వేయించిందే. గరగర అన్నది లేదు.